శెనక్కాయల మిల్లును ఏం చేద్దాం?

ప్రశ్న: సార్, అనంతపురంలో మా జేజినాయన కట్టించిన శెనక్కాయల మిల్లు ఇరవై ఏళ్లుగా మూతపడి ఉంది. రాతి గోడలు, ఎత్తైన రేకుల కప్పు, లోపల కాయలు కొట్టే మిషన్ అలాగే ఉన్నాయి. కాయలు ఆరబోసే గచ్చు మీద వీధి పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు, గేటు నీడలో ఒకామె పొద్దున పూట ఉగ్గాని బజ్జీ అమ్ముకుంటుంది. లైబ్రరీ, కుట్టు సెంటర్, సాయంత్రాలు నాటకాలు, మీటింగులు, ఇలా పది మందికీ పనికొచ్చే చోటుగా దాన్ని మార్చాలని నా ఆశ. పెదనాయన మాత్రం ఫంక్షన్ హాల్ కడదాం, లేదంటే అమ్మేద్దాం అంటున్నాడు. ఒక ఆర్కిటెక్ట్ గీసిచ్చిన త్రీడీ బొమ్మలు చూశాక టెన్షన్ పట్టుకుంది, అంత డబ్బు మా దగ్గర లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఆ బొమ్మలను కొన్నాళ్లు బీరువాలో పెట్టండి. మీ ఉత్తరంలో నాకు నచ్చింది లైబ్రరీ ప్లాను కాదు, ఆ క్రికెట్, ఆ ఉగ్గాని. జనం ఇప్పటికే అక్కడికి వస్తున్నారు, మీరు వాళ్లను వెళ్లగొట్టకుండా పని మొదలుపెడితే చాలు.

బ్రెజిల్‌లోని సావోపాలోలో ఇనుప పీపాల ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. దాన్ని మార్చే పని లీనా బో బార్డి అనే ఆర్కిటెక్ట్‌కు అప్పగించారు. ఆమె ఒక శనివారం వెళ్లి చూస్తే ఆ షెడ్లలో పిల్లలు పరుగెత్తుతున్నారు, కుటుంబాలు మాంసం కాల్చుకు తింటున్నాయి, ఒక మూల బొమ్మలాట. ఇదంతా ఇలాగే ఉండాలనుకుని ఆమె షెడ్లు కూలగొట్టకుండా వాటిలోనే లైబ్రరీ, థియేటర్, చేతిపనుల గదులు పెట్టింది. 1982లో తెరిచారు, సెస్క్ పొంపేయా పేరుతో ఈనాటికీ జనంతో కిటకిటలాడుతుంది. హాల్లో నేల మీద వంకర్లు తిరిగే ఒక నీటి పాయ కూడా ఉంది. మన ఊళ్లో ట్యాంకర్ ధర తలచుకుని దాన్ని మాత్రం కాపీ కొట్టకండి.

డబ్బు తక్కువంటున్నారు కాబట్టి మొదటి రూపాయి పైకప్పుకే పెట్టండి. అనంతపురంలో వానెక్కడిది అనుకోవద్దు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో పడే ఆ కాస్త వానలోనూ పెద్దవి సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి పడతాయి, ఒక్క రాత్రి చాలు దూలం పుచ్చడానికి దారి వేయడానికి. మీవి పాత సిమెంటు రేకులైతే వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. కోసినా, డ్రిల్లు పెట్టినా లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే పోదు, అందుకని పగలగొట్టకుండా, తడిపి, తెలిసినవాళ్లతోనే దించాలి. నూనె ఇంకిన చెక్కలు, మూలల్లో పేరుకున్న పొట్టు ఊడ్చి కడిగేదాకా వెల్డింగ్‌వాణ్ణి లోపలికి రానివ్వకండి.

ఇక గోడలు. రాళ్ల మధ్య మాలును తాళంచెవితో గీకి చూడండి. తెల్లగా పొడి రాలితే సున్నం, ఎర్రగా రాలి నీళ్లలో వేస్తే కరిగిపోతే మట్టి. రెండింట్లో ఏదైనా సరే, నీటుగా ఉంటుంది కదా అని మేస్త్రి సిమెంటు పూత వేస్తానంటే వద్దనండి. నేల నుంచి ఎక్కే చెమ్మ సున్నంలోంచి ఆరిపోతుంది, సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది, రెండు మూడేళ్లకు ఉప్పు పూసి పూత పెచ్చులుగా ఊడుతుంది. నేనైతే సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రి కోసం పది ఊళ్లు తిరుగుతాను. ఫాల్స్ సీలింగ్ జోలికి అసలు పోవద్దు. మే నెల ఎండల్లో వేడి గాలి పైకి లేచి పోవడానికే ఆ ఎత్తు, ఆ పై కిటికీలు.

మిషన్‌ను పాత ఇనుప సామాను కింద తూకానికి వేయకండి. మోటారు, బెల్టు తీసేసి, కింద గుంతకు గట్టి మూత వేసి అక్కడే ఉంచండి. కాయ కమ్మీల మధ్య నలిగి పగిలితే ఫ్యాన్ గాలికి పొట్టు అవతల పడి పప్పు కిందికి ఎలా రాలుతుందో, రోజూ శెనక్కాయల బర్ఫీ తినే పిల్లలు కూడా చూసి ఉండరు.

పెదనాయనతో గొడవ పడొద్దు, ఆయన మాటలో సగం న్యాయం ఉంది. కరెంటు బిల్లు ఎవరు కడతారు? గచ్చును నెలలో కొన్ని రోజులు పెళ్లిచూపులకో పుట్టినరోజులకో అద్దెకిస్తే ఆ ఖర్చు వెళ్తుంది. ఈలోగా ఆస్తి మీద అప్పులూ తాకట్లూ ఉన్నాయేమో తెలిపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, వాటాదారులందరి సంతకాలతో కాగితం రాసుకోండి. కనీసం ఏడుగురు కలిస్తే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీ రిజిస్టర్ చేసుకోవచ్చు. ఆ సొసైటీకి మిల్లును లీజుకిస్తే ఆ లీజు కూడా రిజిస్టర్ కావాలి, నోటి మాట పనికిరాదు. కప్పు కురవడం ఆగాక, ఇంజనీరు గోడలు చూసి సరేనన్నాక, ఒక్క గది తెరవండి.

ప్రశ్న: ఆదోనిలో పత్తి నుంచి గింజలు వేరుచేసే మా పాత జిన్నింగ్ మిల్లుకు వందేళ్లు దాటాయి. ప్రభుత్వ రక్షణ దానంతటదే వస్తుందా? గోడలో రావి మొక్క పెరుగుతోంది, పీకేయొచ్చా?

జవాబు: రాదు. వయసొక్కటే సరిపోదు, రక్షిత కట్టడమని ప్రభుత్వం నోటిఫై చేస్తేనే చట్టం వర్తిస్తుంది. మొక్కను మాత్రం పీకకండి, వేరుతో పాటు రాయి కూడా వచ్చేస్తుంది. మొదలు దాకా కోసి, మోడుకు కలుపు మందు పూసి, వేరు పూర్తిగా ఎండాక ఆ సందును సున్నంతో పూడ్చండి. మళ్లీ చిగురు వేస్తే మళ్లీ కోయాలి. రావి అంత తేలిగ్గా వదలదు.