వాలీబాల్‌లో డిఫెన్సివ్ స్పెషలిస్ట్, లిబెరో ఒకరేనా?

కాదు, డిఫెన్సివ్ స్పెషలిస్ట్ అంటే వెనక వరుసలో సర్వీస్ అందుకోవడానికి, స్మాష్‌లు లేపడానికి దింపే మామూలు సబ్‌స్టిట్యూట్. లిబెరో అంటే వేరే రంగు జెర్సీతో వెనక వరుసలోనే ఆడే ఆటగాడు, అతనికి నిబంధనలే వేరు.

రొటేషన్ (ఆటగాళ్లు వరుసగా స్థానాలు మారడం) వల్ల నెట్ దగ్గర బ్లాక్ చేసే పొడుగు ఆటగాడు కూడా వెనక్కి రాక తప్పదు. అక్కడ మోకాళ్లు వంచి, నేలకు జానెడు ఎత్తులో ఉన్న బంతిని ముంజేతులతో లేపాలి. చాలామంది పొడుగు ఆటగాళ్లు తడబడేది అక్కడే.

గుంటూరులో ఓ కాలేజీ మ్యాచ్ అనుకోండి, స్కోరు 22-22. స్పైకర్ (స్మాష్‌లు కొట్టే ఆటగాడు) సర్వీస్‌కు రావాలి. కోచ్ అతన్ని కూర్చోబెట్టి డిఫెన్సివ్ స్పెషలిస్ట్‌ను పంపుతాడు. ఇతను సర్వీస్ చేసి వెంటనే కోర్టులోకి వచ్చి డిగ్‌కు, అంటే అవతలి స్మాష్‌ను లేపడానికి, వంగుతాడు. ముందు వరుస వంతు రాగానే స్పైకర్ తిరిగొస్తాడు. సెట్‌కు ఉన్న 6 మార్పుల్లో 2 అయిపోయినట్టే. (టెన్షన్ కోచ్‌ది!)

వేరే రంగు జెర్సీవాడే డిఫెన్సివ్ స్పెషలిస్ట్ అనుకుంటారు చాలామంది. అతను లిబెరో, 1998లో అంతర్జాతీయ ఆటలోకి వచ్చాడు. అతని రాకపోకలు ఆ 6లోకి రావు. కానీ అంతర్జాతీయ నిబంధనల్లో సర్వీస్ చేయకూడదు, బ్లాక్ అసలే కుదరదు. డిఫెన్సివ్ స్పెషలిస్ట్ మాత్రం నెట్‌కు 3 మీటర్ల దూరంలోని గీత వెనక నుంచి ఎగిరి స్మాష్ కూడా కొట్టొచ్చు.