మారిషస్ చెరకు తోటలకు మనవాళ్లు ఎందుకు వెళ్లారు?

అసలు కథ సుంకంతో మొదలైంది. 1825లో బ్రిటన్ మారిషస్ చక్కెరపై సుంకాన్ని తగ్గించి, వెస్టిండీస్ చక్కెరతో సమానం చేసింది. దాంతో దీవిలో ఎక్కడ చూసినా చెరకు తోటలే. 1835లో బానిసత్వం రద్దయింది. విముక్తి పొందినవాళ్లలో చాలామంది ఆ తోటల మొహం చూడలేదు (ఎందుకు చూస్తారు?). ఆ లోటు వస్తుందని ముందే ఊహించి, 1834 నుంచే భారత్ నుంచి ఒప్పంద కూలీలను ఓడల్లో తెప్పించారు. 20వ శతాబ్దం మొదటికల్లా సుమారు 4.5 లక్షల మంది చేరారు. జీతం మొదట్లో నెలకు 5 రూపాయలు, పైన తిండిగింజలు. అన్నిటికన్నా దారుణం 'డబుల్ కట్': ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. కాకినాడ దగ్గరి మన కోరంగి రేవు పేరు మీదే అక్కడ తెలుగువాళ్లను 'కోరంగీలు' అనేవారు.