పుదుచ్చేరి వీధి పేరులోని డ్యూమా, నవలా రచయిత డ్యూమా ఒక్కరేనా?

కారు. కానీ మీరు ఇద్దరినే కలిపారు, నేను మూడో డ్యూమాను, ఒక రసాయన శాస్త్రవేత్తను కూడా కలిపేశాను. ఇంటర్‌లో కర్బన పదార్థంలో నత్రజని శాతం కట్టడానికి డ్యూమా పద్ధతి చదివిన ఏడాదే డ్యూమా నవల ‘త్రీ మస్కటీర్స్’ గ్రంథాలయంలో నా చేతికి చిక్కింది. పగలు కాపర్ ఆక్సైడ్‌తో ప్రయోగాలు, రాత్రి కత్తియుద్ధాల రాతలు, ఏం మనిషి అనుకున్నాను! ఆ రసాయన శాస్త్రవేత్త జాన్ బాప్తీస్త్ డ్యూమా అని, 1800లో పుట్టాడని తరువాత తెలిసింది. నవలా రచయిత అలెగ్జాండర్ డ్యూమా పుట్టింది 1802లో. పొరబడడం మరీ నా తప్పేమీ కాదు.

పుదుచ్చేరి వీధి వీళ్లకంటే చాలా ముందటి పియర్ బెన్వా డ్యూమాది. తరువాతి గవర్నరు డూప్లేకు ముందు, 1735 నుంచి 1741 వరకు ఆయన అక్కడ ఫ్రెంచి గవర్నరు. మరాఠా సేనలు ఆర్కాటు మీదికి వచ్చినప్పుడు నవాబు కుటుంబానికి, ఆ నవాబు అల్లుడు చందా సాహెబు కుటుంబానికి ఆశ్రయమిచ్చి, అప్పగించమంటే ససేమిరా అన్నాడు.

వీళ్లంతా బంధువులనుకోవద్దు. దక్షిణ ఫ్రాన్సులో ‘మాస్’ అంటే పొలంలో కట్టుకున్న ఇల్లు. ‘డ్యు మాస్’ అంటే ఆ పొలం ఇంటివారు. మనకు ఊళ్ల పేర్లు ఇంటిపేర్లయినట్టే ఇదీ. అలాంటి ఇళ్లు వందలు, ఆ పేరు గలవాళ్లూ అంతే. ఒకప్పటి ఫ్రాన్సు విదేశాంగ మంత్రి రోలాండ్ డ్యూమాదీ అదే ఇంటిపేరు.

నన్ను పట్టుకున్నది మాత్రం రచయిత ఇంటిపేరే. అది తాతగారిది కాదు. తాత ఒక మార్క్విస్, అంటే బిరుదున్న ప్రభువు, దావీ ద లా పైయెత్రీ వంశం. నానమ్మ మారీ సెసెత్ డ్యూమా, నేటి హైతీలో బానిస. వాళ్ల కొడుకు 1786లో మామూలు సిపాయిగా చేరుతూ తండ్రి పేరు వదిలి తల్లి పేరు రాయించుకున్నాడు. ఏడేళ్లు తిరిగేసరికి జనరల్ అయ్యాడు. మన నవలా రచయిత ఆయన కొడుకే. ఈ రచయిత కొడుకు పేరూ అలెగ్జాండరే. ‘కమేలియాల స్త్రీ’ రాసింది ఈ చిన్న డ్యూమా, దాని మీదే ఇటలీ సంగీతకర్త వెర్ది ‘లా త్రావియాతా’ అనే ఒపెరా (సంగీత నాటకం) కట్టాడు. ఫ్రాన్సులో భాషాసాహిత్యాల పెద్ద సంస్థ ఫ్రెంచి అకాడమీ కొడుకును 1874లో చేర్చుకుంది కానీ తండ్రిని ఎన్నడూ పిలవలేదు. నాకిది ఇప్పటికీ మింగుడు పడదు. 2002లో పెద్దాయన శవపేటికను పారిస్‌లో మహనీయుల సమాధులుండే పాంథియన్‌కు తరలించారు. దాని మీద కప్పిన నీలి మఖమల్ గుడ్డ మీద ‘అందరి కోసం ఒక్కరు, ఒక్కరి కోసం అందరు’ అన్న ‘త్రీ మస్కటీర్స్’ నినాదం కుట్టారు.

Dumas అని రాసే ఈ పేరును ఎలా పలకాలని కూడా అడిగారు. ఫ్రెంచిలో ఈ పేరు చివరి ‘స్’ పలకరు. పుదుచ్చేరిలో నేను అలాగే ‘డ్యూమా వీధి’ అంటే ఆటో ఆయన నా ముఖం చూస్తూ ఉండిపోయాడు. ‘డ్యూమాస్’ అన్నాక బండి కదిలింది.