గుద్దినవాడికి ఇన్సూరెన్స్ లేకపోతే...

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: విజయవాడ రామవరప్పాడు రింగ్ దగ్గర సిగ్నల్ పడి ఆగి ఉన్న మా కారును మరో కారు వెనకనుంచి గుద్దింది. మనుషులకు దెబ్బలేమీ లేవు. బంపర్ విరిగింది, డిక్కీ డోర్ లోపలికి పోయింది, వెనక అద్దం పగిలింది. ఆటోనగర్‌లో రూ.62,000 అవుతుందన్నారు. అతనేమో ‘నాకు ఇన్సూరెన్స్ లేదు, రూ.15,000 తీసుకుని రాజీ కాగితం రాసివ్వండి’ అంటున్నాడు. మాది నాలుగున్నరేళ్ల కారు, ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది.
– ఒక పాఠకుడు, పటమట

జవాబు: ఆ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. మీ కంపెనీ మీకు డబ్బు చెల్లించాక, దాన్ని గుద్దినవాడి దగ్గర వసూలు చేసుకునే హక్కు కంపెనీకి వస్తుంది. ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అని మీరు రాసిస్తే ఆ హక్కుకు గండి పడుతుంది. అదే సాకుగా చూపి మీ క్లెయిమ్‌ను తిప్పికొట్టే అవకాశం కంపెనీకి మీరే ఇచ్చినట్టు.

ఇన్సూరెన్స్ లేదన్న మాటనూ అలాగే నమ్మేయకండి. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కార్లకు థర్డ్ పార్టీ పాలసీ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఇచ్చేది) మూడేళ్లకు, టూవీలర్లకు ఐదేళ్లకు ఒకేసారి కట్టించుకుంటున్నారు. ఓన్ డ్యామేజీ భాగాన్ని (సొంత బండికి జరిగే నష్టానికి ఇచ్చేది) ఏటా రెన్యువల్ చేయించుకోని వాళ్లు చాలామంది తమకు అసలేమీ లేదనుకుంటారు. బండి నంబరును ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి పాలసీ గడువు చూడండి. అందులో కనిపించకపోతే పాత కంపెనీ పేరు అడిగి కనుక్కోండి. ప్రమాదం జరిగిన రోజున పాలసీ ఉందా లేదా అన్నదే లెక్క. ఉన్నా కూడా అతని కంపెనీకి ఫోన్ చేస్తే మీకు డబ్బు రాదు, మోటారు ప్రమాదాల నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. రూ.62,000 కోసం అంత దూరం పోవడం కన్నా మీ పాలసీ మీద క్లెయిమ్ చేసుకోవడమే త్వరగా తేలే దారి.

మొత్తం చేతికి రాదు. నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య ఉన్న కారుకు ఇనుప భాగాలపై 35%, ప్లాస్టిక్, రబ్బరుపై 50% తరుగు తీస్తారు. అద్దానికి తరుగు లేదు. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును రంగు ఖరీదుగా లెక్కేసి, అందులో సగం కోస్తారు. మీ బిల్లు సుమారుగా బంపర్ 8,000, డిక్కీ డోర్ 18,000, అద్దం 6,000, టింకరింగ్, బిగింపు 14,000, పెయింటింగ్ 16,000 అనుకుందాం. జీఎస్టీ పక్కన పెడితే వరసగా 4,000, 11,700, 6,000, 14,000, 14,000 వస్తాయి. అంటే రూ.49,700. అందులోంచి తప్పనిసరి కోత, 1500 సీసీ వరకు కార్లకు రూ.1,000, ఆపైన రూ.2,000. చిన్న కారైతే మీ జేబులోంచి పడేది రూ.13,300. జీరో డెప్ (తరుగు తీయకుండా చెల్లించే అదనపు రక్షణ) తీసుకుని ఉంటే ఈ తరుగులుండవు. దీనికితోడు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. నాలుగేళ్లు క్లెయిమ్ లేకుండా 45%కి చేరినవారు వచ్చే రెన్యువల్‌లో సున్నా నుంచి మొదలుపెట్టాలి.

ఇప్పుడు అతనిస్తానన్న రూ.15,000 చూడండి, మీకు తగ్గేదానికి దాదాపు సరిపోతుంది. తీసుకోవచ్చు. కాకపోతే రసీదులో ‘నా బీమా కంపెనీ చెల్లించని భాగం కింద’ అని మాత్రమే ఉండాలి. ఆ ముసాయిదాను ముందే కంపెనీకి మెయిల్ చేసి సరేనన్నాకే ఇవ్వండి. డబ్బు బ్యాంకు ద్వారా వేయించుకోండి.

ఇక క్లెయిమ్ అసలు దెబ్బతినేది షెడ్డులో. నష్టం లెక్కకట్టే సర్వేయర్ చూడకముందే మేస్త్రీ డిక్కీ డోర్ విప్పి పక్కన పెట్టేస్తాడు. ఏది ఈ ప్రమాదంలో సొట్టపడిందో, ఏది పాతదో తేలక సర్వేయర్ కోత వేస్తాడు. ఆయన ఫొటోలు తీసుకునే వరకు ఒక్క బోల్టు కూడా ఊడదీయనివ్వకండి. మీది ఉత్త థర్డ్ పార్టీ పాలసీ అయితే మాత్రం సొంత కారుకు కంపెనీ నుంచి పైసా రాదు. అప్పుడు మిగిలేది గుద్దినవాడి జేబు ఒక్కటే.

ప్రశ్న: మా వారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. గత నెల చుట్టుగుంట దగ్గర స్కూటర్ మీద వెళ్తుంటే కారు గుద్ది కాలు విరిగింది. ఆపరేషన్‌కు రూ.2,30,000 అయింది. కారుకు ఇన్సూరెన్స్ లేదు. ‘కేసు వేసినా ఏం రాదు’ అని అందరూ అంటున్నారు. కారు ఇంకా స్టేషన్‌లోనే ఉంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కారు ఇంకా స్టేషన్‌లో ఉండడమే మీకున్న పెద్ద బలం. ఇన్సూరెన్స్ లేని బండి ప్రమాదం చేస్తే, నష్టపరిహారానికి సరిపడా పూచీ యజమాని చూపే వరకు కోర్టు దాన్ని వదలకూడదని 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. మూడు నెలల్లో పూచీ చూపకపోతే బండిని వేలం వేసి, ఆ డబ్బు ట్రిబ్యునల్‌లో జమ చేయాలి. ఆచరణలో జరిగేది వేరు. యజమాని మేజిస్ట్రేట్ కోర్టులో బండి విడుదలకు పిటిషన్ వేస్తాడు, పాలసీ లేదన్న సంగతి ఎవరూ ఎత్తకపోతే మామూలు బాండు మీద బండి బయటికి వెళ్లిపోతుంది. కాబట్టి ఈ వారంలోనే స్టేషన్‌లో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అదే కోర్టులో మీ లాయరు ద్వారా అభ్యంతరం వేయించండి. ఆర్సీలో ఫైనాన్స్ ఉందేమో కూడా చూడండి. ఉంటే వేలం డబ్బులో అప్పిచ్చిన సంస్థ తన వాటా అడుగుతుంది.

ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్ పెట్టారో చదవండి. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయం. భారతీయ న్యాయ సంహితలో 125(బి) కిందికి వస్తుంది. మొదటిరోజు మామూలు గాయమని 125(ఎ) రాసి వదిలేస్తుంటారు. ఎక్స్‌రే ఆధారంగా ఆసుపత్రి ఇచ్చే గాయాల సర్టిఫికెట్ పోలీసులకు అందితే సెక్షన్ మారుతుంది.

ప్రమాదం తెలిసిన 48 గంటల్లో పోలీసులు ట్రిబ్యునల్‌కు తొలి నివేదిక, అంటే ఎఫ్ఏఆర్, 90 రోజుల్లో పూర్తి నివేదిక, అంటే డీఏఆర్ పంపాలి. ఆ కాపీలు అడిగి తీసుకోవడం మీ హక్కు. వాటినే నమ్ముకుని కూర్చోకుండా మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద మీ పిటిషన్ మీరు వేయండి. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే వేయాలి. డ్రైవర్‌నూ, ఆర్సీలో పేరున్న యజమానినీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. తప్పెవరిదన్న వాదన అక్కర్లేకుండా 164 సెక్షన్ కింద తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు అడిగే దారి కూడా ఉంది. కానీ ఆపరేషన్ ఖర్చే అంత దగ్గరగా ఉంది కాబట్టి మీకు 166 మేలు. ఆసుపత్రి ఖర్చు, పనికి వెళ్లని నెలల జీతం, తోడున్న మనిషి ఖర్చు, రాకపోకలు, నొప్పి, బాధ అన్నీ అందులో అడగొచ్చు. కాలు కుంటుపడితే మెడికల్ బోర్డు సర్టిఫికెట్‌తో వైకల్యానికీ అడగొచ్చు.

ఇలాంటి కేసులు చిక్కుకునేది జీతం రుజువు దగ్గర. కొట్టు లెటర్‌హెడ్ మీద జీతం రాయించుకొస్తే చాలదు. సంతకం పెట్టిన షావుకారు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పాలి, జీతం రాసిన పద్దు పుస్తకం చూపాలి. ఆయన రానంటే కోర్టు తనకు తోచిన జీతం కట్టి లెక్కేస్తుంది. ఆయనతో ఇప్పుడే మాట్లాడిపెట్టుకోండి.

తీర్పు వచ్చాక యజమాని కట్టకపోతే 174 సెక్షన్ కింద ట్రిబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్ పంపుతుంది. ఆయన భూమి శిస్తు బకాయిలా వసూలు చేయిస్తారు. యజమాని పేరిట ఇల్లు, పొలం ఎక్కడున్నాయో వివరాలు మీరే సేకరించి ఇవ్వాలి. లేకపోతే ఆ సర్టిఫికెట్ ఫైల్లోనే ఉండిపోతుంది. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. పిటిషన్‌దారు మీవారు కాబట్టి ఆయన ఆదాయ పరిమితి అడుగుతారు, సర్టిఫికెట్ పట్టుకెళ్లండి.

మిగతా పాఠకుల కోసం ఒక మాట. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు, గుద్దిన బండికి ఇన్సూరెన్స్ ఉన్నా లేకున్నా, ప్రమాదం రోజు నుంచి 7 రోజుల వరకు రూ.1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స పథకం ఉంది. పోలీసులు ప్రమాదాన్ని ధ్రువీకరించాలి. ఆసుపత్రిలో చేర్చేటప్పుడే ఇది రోడ్డు ప్రమాదమని రాయించి, ఈ పథకం కింద చూడమని అడగండి.

ప్రశ్న: రెండేళ్ల క్రితం నా పాత కారును ఒక బ్రోకర్‌కు అమ్మాను. ఆర్సీ నా పేరు మీదే ఉంది. ఇప్పుడు దాన్ని నడిపినవాడు ఎవరినో గుద్దాడని ట్రిబ్యునల్ నుంచి నాకు సమన్లు వచ్చాయి. నాకేం సంబంధం?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: సంబంధం ఉంది. చట్టం లెక్కలో ఆర్సీలో పేరున్నవాడే యజమాని. అమ్మేసినా పేరు మారకపోతే బాధ్యత అతనిదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. సమన్లు పక్కన పడేస్తే మీ మాట వినకుండానే తీర్పు వస్తుంది. అమ్మకం కాగితం, డెలివరీ నోటు, సంతకాలు పెట్టిన 29, 30 ఫారాలు (ఆర్సీలో పేరు మార్పిడికి ఇచ్చేవి), డబ్బు వచ్చిన బ్యాంకు వివరాలు, వాట్సాప్ మాటలు అన్నీ పెట్టి జవాబు దాఖలు చేయండి. కొన్నవాడిని కూడా ప్రతివాదిగా చేర్చమని అడగండి. వీటన్నిటితో బాధితుడి ముందు మీ బాధ్యత తొలగదు, రేపు కొన్నవాడి దగ్గర రాబట్టుకోవడానికి ఆధారం మాత్రం దొరుకుతుంది. ముందుగా, అమ్మేనాటికి మీ పేరు మీదున్న పాలసీ గడువు ప్రమాదం రోజు దాకా ఉందేమో వెతకండి. బండితో పాటు థర్డ్ పార్టీ పాలసీ కూడా బదిలీ అయినట్టే లెక్క, కాబట్టి అది బతికి ఉంటే కంపెనీ చెల్లిస్తుంది.

ప్రశ్న: గుద్దిన గంటకే అతను ఫోన్‌లో పాలసీ కొన్నాడు. అది చెల్లుతుందా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పాలసీ కాగితంలో తేదీతో పాటు సమయం కూడా అచ్చయి ఉంటే ఆ సమయం నుంచే అది అమల్లోకి వస్తుంది, ముందు జరిగిన ప్రమాదానికి పనికిరాదు. అందుకే ఎఫ్ఐఆర్‌లో ప్రమాద సమయం కచ్చితంగా రాయించండి. 108కు ఫోన్ చేసిన కాల్ రికార్డు, ఆసుపత్రి ఓపీ చీటీ మీది సమయం దానికి సాక్ష్యం.

ప్రశ్న: కృష్ణా నది వారధి మీద ప్రమాదం జరిగింది. విజయవాడ స్టేషన్‌లో తాడేపల్లి వెళ్లమన్నారు, అక్కడ మళ్లీ ఇటు పొమ్మన్నారు.
– ఒక పాఠకురాలు, కృష్ణలంక

జవాబు: 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 173 సెక్షన్ ప్రకారం, నేరం ఎవరి పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ కట్టి సంబంధిత స్టేషన్‌కు వాళ్లే పంపుకుంటారు. మళ్లీ తిప్పితే అదే ఫిర్యాదును రిజిస్టర్డ్ పోస్టులో పోలీస్ కమిషనర్‌కు, గుంటూరు ఎస్పీకి పంపి రసీదులు దాచుకోండి. నష్టపరిహారం పిటిషన్‌కు ఈ సరిహద్దు గొడవ లేదు. మీరు నివసించేది విజయవాడ కాబట్టి అక్కడి ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు.