మీ అత్తగారు ఇంకా మీ వంటింట్లోనే ఉన్నారు

ప్రశ్న: నా వయసు 58. అబ్బాయికి పెళ్లయి ఐదేళ్లయింది. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. కోడలు ఉద్యోగం చేస్తుంది. చెడ్డది కాదు, ఎదురు మాట్లాడదు. కానీ మా ఇంటి పద్ధతులు ఒక్కటీ నిలవడం లేదు. ఏడున్నరకి లేస్తుంది. లేచాక పక్క సర్దదు. పగలే గది తలుపు వేసుకుంటుంది. మనవడికి మూడేళ్లు, ఫోన్ చూపిస్తే గానీ ముద్ద మింగడు. ఎవరి టైముకి వాళ్లు తింటారు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది రాత్రి గిన్నెలు. సింకులో అలాగే వదిలేసి పడుకుంటుంది. మా అత్తగారి హయాంలో ఒక్క చెంచా మిగలడానికి వీల్లేదు. అబ్బాయి కడుపులో ఉండగా, ఏడో నెలలో, ఒకరోజు గ్లాసు కడగడం మర్చిపోతే రాత్రి పన్నెండింటికి లేపి కడిగించారు. కాళ్లు వాచి ఉన్నా నేను మారుమాట అనలేదు. మావారు మెలకువగానే ఉన్నారు, ఆయనా ఏమీ అనలేదు. అదీ పెంపకం అంటే. ఆవిడ పోయి ఎనిమిదేళ్లయినా ఇప్పటికీ సింకులో గిన్నె ఉంటే నాకు నిద్ర పట్టదు. మొన్న రాత్రి పదకొండింటికి నేనే కడుగుతుంటే కోడలు వచ్చి చేతిలో గిన్నె తీసేసుకుని "ఎందుకత్తయ్యా, పొద్దున నేను చేస్తాగా, పడుకోండి" అంది. నాకు ఏడుపొచ్చేసింది. ఈ తరం పిల్లలకి పద్ధతులు ఎలా నేర్పాలి? నేనే చెప్పాలా, అబ్బాయితో చెప్పించాలా?

జవాబు: నేర్పకండి. మీరూ చెప్పొద్దు, అబ్బాయితోనూ చెప్పించొద్దు. ఉద్యోగం చేసుకుంటూ బిడ్డని పెంచుతున్న మనిషికి పక్క సర్దడం నేర్పే వయసు ఎప్పుడో దాటిపోయింది. మీరు అడిగినదానికి జవాబు అంతే. మీరు అడగకుండా వదిలేసిన సంగతి ఒకటి ఉత్తరం మధ్యలో ఉంది, నేను దాని గురించే మాట్లాడతాను.

ఆ గ్లాసు.

ఆ రాత్రి జరిగినదాన్ని మీరు పెంపకం అన్నారు. నేను అవమానం అంటాను. శుభ్రత కోసమే అయితే ఆ గ్లాసు ఆవిడే కడిగి పడుకునేవారు, అర నిమిషం పని. ఏడో నెల మనిషిని నిద్రలోంచి లేపి కడిగించింది ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలియజెప్పడానికి. మీకూ అది ఆ రాత్రే అర్థమై ఉంటుంది. కానీ అవమానం అని ఒప్పుకుంటే అన్నేళ్లూ ఊరికే తలవంచినట్టవుతుంది కదా. అందుకని దానికి ఓర్పు అని పేరు పెట్టుకుని, పతకంలా దాచుకున్నారు. మిమ్మల్నేమీ తప్పుపట్టడం లేదు. మన ఈడు ఆడవాళ్లం చాలామందిమి చేసింది ఇదే.

ఇప్పుడు మొన్న రాత్రి సంగతి. మీకు ఏడుపెందుకొచ్చిందో ఉత్తరంలో రాయలేదు, కోడలు గిన్నె లాక్కుంది కాబట్టి అన్నట్టు వదిలేశారు. ఆ పిల్ల అన్న మాట మళ్లీ ఒకసారి చదవండి. "పడుకోండి" అంది. ఆ రోజు ఆ ఇంట్లో మీతో ఆ మాట అనాల్సినవాళ్లు ఇద్దరున్నారు. ఒకరు మిమ్మల్ని లేపారు, ఇంకొకరు కళ్లు మూసుకుని పడుకున్నారు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ మాట అన్నది, మీరు ఎవరి మీద ఫిర్యాదు రాశారో ఆ పిల్ల. ఏడుపు రాక ఏం చేస్తుంది?

ఇంకో మాట చెబుతాను, ఇది మీకు నచ్చదు. మీ వంతు వస్తుందని ఎదురుచూశారు. రాక్షసంగా కాదు, ఎవర్నీ అర్ధరాత్రి లేపాలని కాదు. కానీ ఒకరోజు ఈ ఇంట్లో నా మాట చెల్లుతుంది, నేను కూర్చుంటే ఇంకొకరు లేస్తారు, అని ఎక్కడో లెక్క వేసుకున్నారు. కోడలిగా ఉన్నప్పుడు అత్తగారి రాజ్యం. మీరు అత్తగారయ్యేసరికి అసలు రాజ్యమే లేకుండా పోయింది. రెండు వైపులా నష్టపోయిన తరం మీది. ఈ కడుపుమంట న్యాయమైనదే, మీకు ఒకరు బాకీ ఉన్నమాట నిజమే. అయితే ఆ బాకీ మీ కోడలిది కాదు. మీ అత్తగారు పోయి ఎనిమిదేళ్లు, ఈ పిల్ల మీ ఇంటికొచ్చి ఐదేళ్లు. ఒకరి ముఖం ఒకరు చూడనేలేదు. చూడని మనిషి ఆజ్ఞలు ఈ పిల్ల ఎందుకు మొయ్యాలి? అత్తగారు ఇవ్వాల్సినది కోడలి దగ్గర వసూలు చేసుకోవడాన్ని పద్ధతి అంటే నేనైతే ఎప్పటికీ ఒప్పుకోను.

మీరు రాసిన పద్ధతుల్ని ఒక్కొక్కటీ తీసి చూడండి. పుట్టినప్పుడు ప్రతిదానికీ ఒక అవసరం ఉంది. రాత్రే గిన్నెలు కడగాలన్న ఇంట్లో గిన్నెలు లెక్కకి ఉండేవి, కడగకపోతే పొద్దున వంటకి గిన్నె ఉండేది కాదు. లేవగానే పక్క తీయాలన్న ఇంట్లో పడుకునే గదీ, కూర్చునే గదీ ఒకటే. పక్క తీస్తే గానీ వచ్చినవాళ్లు కూర్చోవడానికి చోటుండదు. పగలు తలుపు వేయకూడదంటే, ఉన్న రెండు గదుల్లో ఒకటి మూసేస్తే మిగతా ఆరుగురూ ఎటు పోవాలి? అవసరం పోయింది, పద్ధతి మిగిలింది. ఇప్పుడు మీ కోడలు తలుపు వేసుకుని ఆఫీసు మీటింగులో కూర్చుంటుందేమో, ఒక్కసారి అడిగి చూశారా? బహుశా అడిగి ఉండరు. మూసిన తలుపు అనగానే మన తరానికి ఏదో దాస్తున్నారనే అనిపిస్తుంది.

నా సంగతి చెబుతాను. ఇంటికొచ్చిన ప్రతి ప్లాస్టిక్ కవరూ మడిచి పరుపు కింద పెడతాను. మా అమ్మ పెట్టేది. ఆవిడ కాలంలో ఒక మంచి కవరు దొరకడమే గొప్ప. నా పరుపు కింద ఇప్పుడు ఎన్ని ఉన్నాయో నాకే తెలియదు. మా అమ్మాయి వచ్చినప్పుడల్లా సగం తీసి పారేస్తుంది, నేను గొణుగుతాను. ఆ గొణుగుడు కవర్ల కోసం కాదని నాకు తెలిసేసరికి అమ్మ పోయి చాలా ఏళ్లయింది.

పొద్దున లేవడం గురించి ఎక్కువ చెప్పను. వయసు పెరిగేకొద్దీ రాత్రి త్వరగా నిద్రొస్తుంది, తెల్లవారకముందే మెలకువొస్తుంది. ఇరవై ఏళ్ల ప్రాయంలో ఇది సరిగ్గా తలకిందులు. మీరిప్పుడు చీకటితో లేవడంలో మీ గొప్ప కొంతే, మిగతాది శరీరం చేసే పని. పద్దెనిమిదేళ్లు దాటిన ఎవరికైనా రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలంటారు డాక్టర్లు. పదకొండింటికి ఇంకా మెలకువగా ఉండి, మూడేళ్ల పిల్లాడిని పక్కలో వేసుకున్న మనిషి ఏడున్నరకి లేస్తే, నన్నడిగితే అది పద్ధతిగా లేచినట్టే.

మనవడి విషయంలో మాత్రం నేను మీ వైపే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లల కోసం ఇచ్చిన సూచనల్లో, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కదలకుండా కూర్చుని తెర చూడటం రోజుకి గంట దాటకూడదని, ఇంకా తగ్గిస్తే అంత మంచిదని ఉంది. ముద్దముద్దకీ ఫోన్ పెడితే ఆ గంట తిండి దగ్గరే అయిపోతుంది. పైగా కడుపు నిండిందో లేదో వాడికి తెలియదు. ఇది కోడలితో మాట్లాడండి, కానీ "మీ తరం" అని మొదలుపెట్టకండి. పగలు ఆమె పనిలో ఉన్నప్పుడు వాడికి తినిపించేది ఎవరు? మీరే అయితే, ముందు మీ చేతిలో ఫోన్ పక్కన పెట్టండి. నాలుగు రోజులు ఏడుస్తాడు, రెండు ముద్దలు తక్కువ తింటాడు, మీ ప్రాణం కొట్టుకుంటుంది. తట్టుకోండి.

అందరూ కలిసి తినడమంటారా, అది అడగదగిన కోరికే. కానీ దాన్ని ఇంటి రూలు అని చెప్పకండి, "రాత్రిళ్లు ఒక్కదాన్నే తినాలంటే నాకు బాగా ఉండటం లేదు" అని చెప్పండి. మీ తరానికి ఈ వాక్యం నోట్లోంచి రాదు. నాకూ రాదు. కావాలి అని అడగడం చిన్నతనం, పద్ధతి అని చెప్పడం పెద్దరికం అనుకుంటూ పెరిగాం. ఒంటరితనాన్ని పద్ధతి కిందకి మార్చి చెబితే ఎదుటివాళ్లకి పద్ధతే వినిపిస్తుంది, ఒంటరితనం వినిపించదు. రోజూ కుదరకపోతే వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టండి. ఆ రెండు రాత్రులూ మీరు వడ్డిస్తూ నిలబడకుండా కూర్చుని తినండి. నిలబడ్డారంటే మళ్లీ మొదటికొస్తుంది.

మార్గరెట్ మీడ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1970లో ఒక సంగతి రాశారు. నెమ్మదిగా మారే సమాజాల్లో పిల్లలు పెద్దల దగ్గర నేర్చుకుంటారు, కొన్నిట్లో ఎవరి ఈడువాళ్ల దగ్గర వాళ్లు నేర్చుకుంటారు, బాగా వేగంగా మారే కాలం వస్తే పెద్దవాళ్లే పిల్లల దగ్గర నేర్చుకోవాల్సి వస్తుంది అని. మీ ఫోన్‌లో వాట్సాప్ పెట్టింది ఎవరు? పాస్‌వర్డ్ మర్చిపోతే ఎవరి దగ్గరికి వెళ్తారు? అక్కడ మనకి సిగ్గు లేదు, హాయిగా అడుగుతాం. అలిసిపోతే పడుకోవచ్చు, గిన్నె పొద్దుటిదాకా ఆగుతుంది అనే సంగతి కూడా ఆ పిల్ల దగ్గరే నేర్చుకుంటే పోయేదేమిటి? ఆ సంగతి మీకు చెప్పినవాళ్లు ఇంకెవరూ లేరు.

చేయాల్సిన పని ఒకటి చెబుతాను. ఈ రాత్రి సింకులో ఒక గ్లాసు కావాలని వదిలేయండి. కోడలు వదిలింది కాదు, మీరు నీళ్లు తాగిన గ్లాసు. లైటు ఆర్పి వెళ్లి పడుకోండి. నిద్ర పట్టదు. పట్టకపోనివ్వండి. రెండింటికి లేచి వెళ్లి కడిగేసినా సరే, రేపు మళ్లీ వదలండి. 21 రోజుల్లో ఏ అలవాటైనా మారుతుందని అంటుంటారు, నమ్మకండి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో 96 మంది తలా ఒక కొత్త అలవాటు ఎంచుకుని 12 వారాలు ప్రయత్నించారు. అది కుదురుకోవడానికి మామూలుగా 66 రోజులు పడుతుందని తేలింది. మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా అంచనా వచ్చింది. మధ్యలో ఒక రోజు తప్పితే కొంప మునగదని కూడా వాళ్లే చెప్పారు. అది కొత్త అలవాటు పెట్టుకోవడం గురించి. మీరు వదులుకోవాల్సినది ముప్పై ఏళ్ల భయం, కాబట్టి తొందరపడకండి. రెండు వారాలకి మించి నిద్ర కరువై, ఏ పని మీదా మనసు లేక, ఊరికే ఏడుపొస్తుంటే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కోడలు మారితే తగ్గే జబ్బు కాదు అది.

అబ్బాయితో చెప్పించాలా అన్నారు. తల్లికీ భార్యకీ మధ్య కొడుకు నోరు తెరవాల్సిన రాత్రి మీ ఇంట్లో ఒకటి వచ్చింది, ఆ కొడుకు నోరు తెరవలేదు. దాని ఫలితం మీకు తెలుసు. ఇప్పుడు మీ కొడుకుని, అదీ తప్పు వైపున, మాట్లాడమంటున్నారు. వాడిని వదిలేయండి.

ఆ గ్లాసు కథ మీ కోడలికి చెప్పండి. ఇప్పటికే చెప్పి ఉంటారు, "మా రోజుల్లో అయితేనా" అని మొదలుపెట్టి. ఈసారి వేరేలా చెప్పాలి. కాళ్లు ఎంత వాచాయో, మంచం మీంచి ఎలా లేచారో, కడిగొచ్చి పడుకున్నాక ఎంతసేపు కళ్లు తెరుచుకునే ఉన్నారో చెప్పండి. "మారుమాట అనలేదు" అన్న వాక్యం తీసేయండి. అనాలనుకుని మింగేసిన మాట ఏదైనా ఉంటే అది చెప్పండి.

చెప్పేటప్పుడు మీవారు కూడా అక్కడే ఉంటే మంచిది. ఆ రాత్రి ఆయన మెలకువగా ఉన్నారని మీకు తెలుసన్న సంగతి, ఆయనకి తెలుసో లేదో.