ప్రో బౌల్ ఎందుకు చప్పబడిపోయింది? దాన్ని రక్తి కట్టించే దారి ఉందా?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఏటా తన మేటి ఆటగాళ్ళతో ఆడించే ప్రో బౌల్‌ను ఎవరూ మనసు పెట్టి ఎందుకు ఆడరని, దాన్ని బాగుచేయడం సాధ్యమేనా అని మీరు అడిగారు. ఫ్లోరిడాలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, 2019 జనవరిలో ఓర్లాండోలో ఆ ఆటను స్వయంగా చూసినవాడిగా నాకు తోచింది చెబుతాను. పాత రూపంలో మాత్రం అది ఎన్నటికీ రక్తి కట్టదు.

ఈ ఆటకు ప్రాణం ఒంటితో ఒంటిని ఢీకొట్టడంలోనే ఉంది. మన క్రికెట్‌లోనైనా అమెరికావారి బేస్‌బాల్‌లోనైనా ప్రదర్శన ఆట అయినంత మాత్రాన బంతి వేసేవాడు, కొట్టేవాడు తగ్గి ఆడనక్కరలేదు. ఇక్కడ అలా కుదరదు. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ తరఫున 1998లో తొలి సీజన్‌లోనే బంతితో 1,115 గజాలు పరుగెత్తిన రాబర్ట్ ఎడ్వర్డ్స్, ప్రో బౌల్ వారంలో హవాయి బీచ్‌లో సరదాగా ఏర్పాటు చేసిన ఫ్లాగ్ ఫుట్‌బాల్ (ప్రత్యర్థిని పడగొట్టకుండా, నడుముకు కట్టిన గుడ్డపేలికను లాగితే చాలనే ఆట) ఆడుతూ మోకాలికి తీవ్రమైన దెబ్బ తగిలి, మళ్ళీ 2002లో గానీ లీగ్ మైదానంలో అడుగుపెట్టలేకపోయాడు. సిన్సినాటి జట్టు ఆటగాడు టైలర్ ఐఫర్ట్ 2016 ప్రో బౌల్‌లో చీలమండకు దెబ్బ తగిలించుకుని, తరువాతి సీజన్ తొలి ఆటలకు దూరమయ్యాడు. లెక్కలోకి రాని ఆట కోసం కోట్ల ఒప్పందాన్ని పణంగా పెట్టమని ఏ ఆటగాడినైనా ఏ మొహంతో అడుగుతాం?

అందుకే పామూ చావకుండా, కర్రా విరగకుండా ఆట సాగేది. బంతి విసిరి దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనపు మనుషులను ఉసిగొల్పే బ్లిట్జ్‌ను నిషేధించారు. 2014లో బంతిని తన్ని ఆట మొదలుపెట్టే కిక్‌ఆఫ్‌లను తీసేశారు. 2012లో హొనొలులూలో 59-41తో ముగిసిన ఆటనైతే స్టేడియంలోని జనమే గేలి చేశారు. కెప్టెన్లు జట్లను ఎంచుకునే పద్ధతి మూడేళ్ళు నడిచి ఆగిపోయింది. గెలిచినవారికి ఎక్కువ డబ్బు ఇస్తున్నా, ఏడాదికి కోట్ల డాలర్లు అందుకునేవారిని ఆ తేడా ఏం కదిలిస్తుంది? దీనికి తోడు 2010 నుంచి ప్రో బౌల్‌ను లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కు ముందుకు జరపడంతో, ఆ ఏటి రెండు అత్యుత్తమ జట్ల ఆటగాళ్ళు అసలు రాకుండా పోయారు.

నేను చూసిన రోజున వాన పడుతోంది. బంతి కదలగానే ముందు వరుసలో ఎదురెదురుగా ఢీకొనవలసిన భారీకాయులైన లైన్‌మెన్ ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని, బస్సు కోసం ఎదురుచూస్తున్నవారిలా నిలబడిపోయేవారు. చుట్టుపక్కల చాలామంది ఫోన్లలో తలదూర్చారు. అయితే బంతితో పరుగెత్తడమే వృత్తిగా గల ఎజెకీల్ ఎలియట్, సేక్వాన్ బార్క్లీ డిఫెన్స్‌లో నిలబడి క్వార్టర్‌బ్యాక్‌ను తరమడం మొదలుపెట్టగానే జనం లేచి నిలబడ్డారు. డిఫెన్స్ ఆటగాడైన జేలెన్ రామ్సీ పాస్ అందుకునే రిసీవర్‌గా వచ్చి టచ్‌డౌన్ (ప్రత్యర్థి చివరి గీత అవతల బంతి చేర్చి పాయింట్లు సాధించడం) పట్టినప్పుడు నా వెనుక వరుసలోని పిల్లలు గొంతు చించుకుని అరిచారు. ఆ ఆట 26-7తో ముగిసిందన్నది నాకు తరువాత చూసుకుంటే గానీ గుర్తు రాలేదు. బూటకపు పోరాటం అక్కడ ఎవరికీ అక్కరలేదు. సీజన్‌లో మరెక్కడా చూడలేనిది కావాలి.

ఆ లెక్కన 2023లో మనిషిని పట్టి పడగొట్టే టాకిల్ ఆటకు స్వస్తి చెప్పి, ఏడుగురేసి ఆడే ఫ్లాగ్ ఫుట్‌బాల్‌కు మారడం సరైన నిర్ణయమే. దెబ్బల భయం పూర్తిగా పోకపోయినా బాగా తగ్గుతుంది కాబట్టి వేగం, పాసింగ్ నైపుణ్యం దాచుకోనక్కరలేదు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఇదే ఆట ఉంది గనుక ఇకపై దీనికి బరువు కూడా పెరుగుతుంది. దాంతోపాటు పెట్టిన డాడ్జ్‌బాల్ (బంతులు విసిరి ప్రత్యర్థులను తగిలించే ఆట) వంటి పోటీలు మాత్రం నాకు విసుగే.

ఇంకా సరిదిద్దవలసింది ఎంపిక పద్ధతి. ప్రో బౌల్‌కు ఎంపికైనవాడు, అంటే ప్రో బౌలర్ అన్న పేరు ఒప్పందాల్లో బోనస్ తెస్తుంది, మేటి ఆటగాళ్ళకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం గురించిన చర్చలో పనికివస్తుంది. ఆ పేరు రావడానికి ఎంపికైతే చాలు, ఆడనక్కరలేదు. అసలువారు తప్పుకుంటూ పోగా, ఆ సీజన్ మొత్తంలో రెండే టచ్‌డౌన్ పాస్‌లు వేసిన క్వార్టర్‌బ్యాక్ టైలర్ హంట్లీ 2023 ఆటకు ప్రత్యామ్నాయంగా పిలుపు అందుకున్నాడు. ఏడుగురి ఆటకు అంత పెద్ద జాబితా అవసరం లేదు కనుక, రానివారి స్థానాలను ఖాళీగానే వదిలేసి, వచ్చినవారితోనే ఆడించాలని నా సూచన.