'అలసిపోయాయి' అన్న మాట గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. పద్నాలుగు పేజీలు, దానితో పాటు ఆరు ప్రశ్నలు. నా మనవరాలి ఈడుదానివి, 'మీరు' అని రాయడానికి చెయ్యి రావడం లేదు, ఏమీ అనుకోకు.

రెండో పేజీలోనే ఆగిపోయాను. "రసాయనం ఎక్కువసేపు తగిలితే నరాల రిసెప్టార్లు అలసిపోతాయి" అని రాశావు. కణం పైపొర మీద, రసాయనం తగిలితే తెరుచుకునే తలుపులవి. అలసిపోవడానికి అవేమన్నా తిరుమల మెట్లెక్కి వచ్చాయా? కాగితాలు పక్కన పడేసి, మజ్జిగ తాగి, కాస్త చల్లబడ్డాక మళ్ళీ తీశాను. ఆ మాట ఇంకో ఏడుసార్లు కనబడింది. ఎర్ర సిరాతో సున్నాలు చుట్టాను.

నాదొక మూర్ఖపు పట్టుదల ఉంది. సైన్సు రాసేటప్పుడు నామవాచకం కాస్త అటూ ఇటూ అయినా పాఠకుడు సర్దుకుంటాడు. క్రియ తప్పితే మాత్రం విషయమే తప్పిపోతుంది. రిసెప్టార్ అనాలా, గ్రాహకం అనాలా అని నువ్వు ముప్పావు పేజీ మథనపడ్డావు. నీకు ఏది నోటికొస్తే అది రాయి. అది చేసే పనేమిటో సరిగ్గా చూసి రాయి.

1957లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో బెర్నార్డ్ కాట్జ్, స్టీఫెన్ థెస్లెఫ్ చూసింది అదే. కప్ప కండరంలో నరం వచ్చి తాకే చోటు దగ్గర జంట గొట్టాల గాజుసూది పెట్టారు. కండరాన్ని కదిలించడానికి నరం వదిలే రసాయనం అసిటైల్‌కోలిన్. ఒక గొట్టం నుంచి దాన్ని సన్నగా, ఆగకుండా వదిలారు. రెండో దాన్నుంచి అప్పుడప్పుడూ ఒక చిన్న విసురు. ధార సాగుతున్నకొద్దీ ఆ విసురుకు వచ్చే స్పందన సెకన్లలోనే చిన్నదైపోతూ వచ్చింది. ధార ఆపితే మళ్ళీ కొన్ని సెకన్లలో కోలుకుంది. ఇంతకీ అసలు విడ్డూరం ఇదీ: అలా మూతపడ్డ రిసెప్టార్ అసిటైల్‌కోలిన్‌ను వదిలెయ్యదు. తెరిచి ఉన్నప్పటికంటే గట్టిగా పట్టుకుంటుంది. పట్టు బిగుస్తుంది, దారి మూసుకుంటుంది. అలసిన చెయ్యి ఎక్కడైనా పట్టు బిగిస్తుందా? మామూలుగా మన ఒంట్లో ఇంత దూరం రాదు. నరం వదిలిన అసిటైల్‌కోలిన్‌ను అక్కడే ఉన్న ఎంజైమ్ మిల్లీసెకను తిరిగేలోగా చాలావరకు ముక్కలు చేసేస్తుంది.

నాకు ఇది పుస్తకంలో అబ్బలేదు. ఫార్మసీ కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్‌గా చేరిన కొత్తలో, కిరసనాయిలు పొగ పట్టించిన కాగితం డ్రమ్ముకి చుట్టి, కప్ప పొట్టకండరం కట్టి, ఈ అసిటైల్‌కోలిన్‌నే మందుగా వేస్తే మీట లేచి మసిలో తెల్లగీత గీసేది. 90 సెకన్లు మందు ఉంచాలి, రింగర్ ద్రావణంతో, అంటే ఒంటికి సరిపడే ఉప్పునీళ్ళతో, బాగా కడగాలి, కాసేపు వదిలెయ్యాలి, ఆ తర్వాతే మళ్ళీ మందు. ఒకరోజు ఇంటికి వెళ్ళే తొందరలో కడగడం మొక్కుబడిగా చేసి, వెంటవెంటనే మందు పోశాను. గీతలు పొట్టివైపోయాయి. పెద్దాయన వచ్చి చూసి, "చచ్చిపోయిందయ్యా, ఇంకో కప్పను తియ్" అన్నాడు. నాకేమో ఇంకో కప్పను కొయ్యడానికి మనసొప్పలేదు. నాలుగుసార్లు కడిగి, క్యాంటీన్‌లో టీ తాగి వచ్చి, అదే మోతాదు పోశాను. గీత ఎప్పటిలా నిటారుగా లేచింది. ఆ కాగితాన్ని వార్నిషులో ముంచి ఆరబెట్టి చాలాఏళ్ళు దాచుకున్నాను. ఇల్లు మారినప్పుడు మా ఆవిడ పాత పేపర్లతో పాటు అమ్మేసింది, అది వేరే కథ.

దాని మీదే నా మొదటి వ్యాసం. ఆదివారం అనుబంధానికి పంపాను. నేను 'మూసుకుంటాయి' అని రాసిన ప్రతిచోటా సంపాదకుడు 'నీరసించిపోతాయి' అని మార్చాడు. పైగా మంచం మీద ముసుగుతన్ని పడుకున్న మెదడు బొమ్మ ఒకటి. ఆ వారం నాకు వచ్చిన కార్డుల్లో సగం ఒకటే అడిగాయి: "అయ్యా, రిసెప్టార్ల బలానికి ఏ టానిక్ వాడమంటారు?" ఆయన మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు, మనిషి పోయాడు గానీ. పాఠకుల తప్పేముంది? నీరసం అంటే బలానికి మందు అడుగుతారు. మూసుకుంది అంటే ఎందుకు మూసుకుంది అని అడుగుతారు.

ఆపరేషన్ థియేటర్లో ఈ తేడా ప్రాణాల మీదికొస్తుంది. గొంతులో గొట్టం వెయ్యడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తారు. అది కూడా ఈ రిసెప్టార్ల మీదే కూర్చుంటుంది. కండరాలు ఒకసారి అదిరి, తర్వాత వాలిపోతాయి. రక్తంలో ఉండే ఒక ఎంజైమ్ కొద్ది నిమిషాల్లో ఆ మందును విరిచేస్తుంది. పుట్టుకతో ఆ ఎంజైమ్ సరిగా లేనివాళ్ళకు మందు గంటల తరబడి అలాగే ఉండిపోతుంది. మన ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావాళ్ళకంటే ఎక్కువని తేలింది. ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చాక తెప్పరిల్లడం ఆలస్యమైందా అని మత్తు డాక్టరు అడిగేది అందుకే. ఆ రోగికి కావలసింది టానిక్ కాదు. మందు పోయేదాకా వెంటిలేటర్ ఊపిరి పొయ్యాలి.

ఇక నీ పదకొండో పేజీ. మీ అమ్మ గుంటూరులో మిర్చి తొడిమలు తీసి ఇంటికొచ్చి నీ చెంప నిమిరితే నీకు మండేది, ఆమె చేతులకు మాత్రం ఏమీ తెలిసేది కాదు అని రాశావు. అది చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. దాన్ని పదకొండో పేజీలో ఎందుకు దాచావే పిచ్చిపిల్లా? వ్యాసమంతా ఆ చెంప మీదే ఉంది. మిర్చిలో మంట పుట్టించే కాప్సైసిన్ అదే, ఇద్దరి చర్మమూ చర్మమే. కారానికి తెరుచుకునే రిసెప్టార్‌ను 1997లో డేవిడ్ జూలియస్ బృందం పట్టుకుంది, 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ తలుపు తెరుచుకుంటే కాల్షియం లోపలికి వస్తుంది. ఆ వచ్చిన కాల్షియమే తలుపు వేయిస్తుంది. కాల్షియం లేని ద్రావణంలో కణాన్ని పెట్టి కాప్సైసిన్ పోస్తే అంత తొందరగా మూసుకోదు. ఇక్కడ కూడా అలసట లేదు, చూశావా.

దీని వెనకాలే "సమాజం కూడా అంతే, అన్యాయానికి అలవాటు పడిపోతుంది" అని ఒక పేరా తగిలించావు. కొట్టెయ్. ఈమధ్య ప్రతివాడూ "మీకు తెలుసా?" అని మొదలుపెట్టి "ఇకనైనా మేలుకుందాం" అని ముగిస్తున్నాడు. మీ అమ్మ చేతుల్ని సమాజానికి పోలిక చెయ్యడానికి నీకెలా మనసొప్పింది?

ఒక అనుమానం మాత్రం ఉంచుకో. ఏళ్ళ తరబడి పని చేసిన అరచేతికి చర్మం మందమెక్కుతుంది. అమ్మకు మంట తెలియకపోవడానికి అది కూడా కారణం కావచ్చు. అడక్కుండా రాయకు. పని లేని నెలలు గడిచి, సీజన్లో మళ్ళీ పనికి వెళ్ళిన మొదటిరోజు చేతులు మండుతాయా? ఎన్నాళ్ళకు తగ్గుతుంది? ఆ రిసెప్టారే 43 డిగ్రీలు దాటిన వేడికి కూడా తెరుచుకుంటుంది. మరి సీజన్ మధ్యలో పొయ్యి మీద గిన్నె వట్టి చేత్తో దించగలుగుతుందా? అరచేతినీ, మణికట్టు లోపలివైపునీ వేరువేరుగా అడుగు. ఆమె ఎలా చెబితే అలాగే, ఆమె మాటల్లోనే రాసి పంపు.

నీ కాగితాలు తిప్పి పంపుతున్నాను. పదకొండో పేజీ మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. నీ దగ్గర నకలు ఉండే ఉంటుందిలే.

ఇట్లు,
నీ మాస్టారు